కంచరపాలెం గిన్నెలో రంగం రుచి

విశాఖపట్నం: నూడుల్స్ అనగానే నగరవాసికి గుర్తొచ్చేది ఫాస్ట్‌ఫుడ్ బండి, భగభగ మండే పొయ్యి, ఇనుప మూకుడు మీద గరిటె చప్పుడు, సోయా సాస్ ఘాటు. కంచరపాలెం ప్రాంతంలోని బర్మా క్యాంపు పేరుతో ముడిపడిన నూడుల్స్ తీరు వేరు. వీటిని మూకుడులో ఎగరేయరు. ఉడికించి ఆరబెట్టిన నూడుల్స్‌ను గిన్నెలో వేసి, పైన వేడివేడి కొబ్బరిపాల పులుసు పోస్తారు. కరకరలాడే వేయించిన ఉల్లిపాయ, ఉడికిన గుడ్డు ముక్కలు, కొత్తిమీర, ఎండుమిర్చి పొడి చల్లి, చివర్లో నిమ్మకాయ పిండి చేతికిస్తారు. తిన్నవారిలో చాలామంది దీన్ని చైనా వంటకం అనుకుంటారు. జపాన్ రామెన్ గురించి విన్న కుర్రకారు అదే ఇది అనుకుంటారు. నిజానికి ఇది తెలుగువారు బర్మా నుంచి తెచ్చుకున్న తిండి. దీని వెనుక మూడు తరాల వలస, రెండు సార్లు కట్టుబట్టలతో తిరుగు ప్రయాణం ఉన్నాయి.

బర్మా భాషలో దీని పేరు ఓనో ఖౌస్వే. ‘ఓన్’ అంటే కొబ్బరి, ‘నో’ అంటే పాలు, ‘ఖౌస్వే’ అంటే నూడుల్స్. అంటే కొబ్బరిపాల నూడుల్స్. పలకడం కష్టమని జనం బర్మా నూడుల్స్ అనేశారు. పెద్ద హోటళ్ల మెనూల్లో మాత్రం ఇదే వంటకం ‘ఖావ్‌సే’ అనే పేరుతో, ఎనిమిది రకాల తోడు పదార్థాలను చిన్న చిన్న గిన్నెల్లో అమర్చి, ఖరీదైన విందుగా కనిపిస్తుంది. బండి మీద అయితే ఆ ఎనిమిదీ ఒకే చేతి ఊపులో గిన్నెలో పడతాయి. రుచిలో తేడా ఉంటుందంటే నమ్మడం కష్టమే.

శనగపిండి చేసే పని

ఈ పులుసుకు చిక్కదనం రెండు చోట్ల నుంచి వస్తుంది. ఒకటి కొబ్బరిపాలు, రెండోది శనగపిండి. ఉల్లిపాయ, వెల్లుల్లి, అల్లం ముద్దను నూనెలో పసుపు, కారంతో వేయిస్తారు. నూనె పైకి తేలేదాకా ఓపికగా వేయించడమే బర్మా వంటలో మొదటి పాఠం. అందులో కోడిమాంసం వేసి మగ్గనిస్తారు. ఆపై శనగపిండిని నీళ్లలో ఉండలు కట్టకుండా కలిపి పోస్తారు. పిండి ఉడికే కొద్దీ పులుసు చిక్కబడి నూడుల్స్‌ను పట్టుకుని ఉంటుంది. పలచగా ఉంటే నూడుల్స్ ఒకచోట, నీళ్లు ఒకచోట మిగిలిపోతాయి.

మసాలా దినుసులు తక్కువ. లవంగం, యాలకులు, ధనియాలతో దట్టించే మన కోడికూరకు అలవాటు పడిన నాలుకకు మొదటి ముద్ద చప్పగా తోచవచ్చు. అందుకే కారం, పులుపు, కరకర వేటికవే విడిగా చేర్చుకునే ఏర్పాటు. ఎవరి గిన్నె వారి ఇష్టం. నిమ్మరసం ఎక్కువైతే తీపి కొబ్బరి వెనక్కు తగ్గుతుంది, వేయించిన ఎండుమిర్చి పడితే ముందుకొస్తుంది. పిల్లలు, నలతగా ఉన్నవారు కారం లేకుండా తింటారు. జ్వరం తగ్గిన నోటికి మనం చారన్నం పెట్టినట్టే, బర్మాలో పెరిగిన కుటుంబాలకు ఈ గిన్నె.

దీనికి అన్న వరస అయ్యే మరో వంటకం మొహింగా. బర్మా ప్రజల ఉదయపు అల్పాహారం ఇదే. మంచినీటి చేపను ఉడికించి, ముళ్లు తీసి, నిమ్మగడ్డి, అల్లం, వెల్లుల్లి, లేత అరటి దూట ముక్కలతో పులుసు కాస్తారు. శనగపిండి లేదా వేయించి పొడి చేసిన బియ్యం దీన్ని చిక్కబరుస్తుంది. సన్నని బియ్యపు సేమియా మీద పోసి, పైన శనగపప్పు వడనో, ఆనపకాయ బజ్జీనో తుంచి వేస్తారు. చేపల పులుసులో బజ్జీ ఏమిటని ఆశ్చర్యపోయేవారు ఉంటారు. పులుసు పీల్చుకున్న బజ్జీ ఒక్కసారి తిన్నాక ఆ ప్రశ్న మళ్లీ వేయరు.

మూడో రకం పులుసు లేనిది. ఉడికిన నూడుల్స్‌లో సన్నగా తరిగిన క్యాబేజీ, వేయించిన ఉల్లిపాయ, వెల్లుల్లి నూనె, శనగపిండి, చింతపండు లేదా నిమ్మ పులుపు వేసి చేత్తో కలుపుతారు. చేత్తో కలపడాన్ని బర్మా భాషలో ‘థో’ అంటారు. చెన్నైలో బీచ్ రైల్వేస్టేషన్ ఎదుట 1969లో వెలసిన బర్మా బజారు పరిసరాల్లో ‘అతో’ పేరుతో అమ్మేది ఇదే. దానికి తోడుగా అరటి దూట సూపు ఇస్తారు. అక్కడ దాన్ని పరిచయం చేసింది కూడా బర్మా నుంచి తిరిగొచ్చిన వారే, ఎక్కువగా తమిళులు.

రామెన్‌తో బంధుత్వం

జపాన్ రామెన్‌కు, ఈ గిన్నెకు పోలిక ఊరికే వచ్చింది కాదు. రెండింటికీ మూలం చైనా గోధుమ నూడుల్స్. 1859లో యొకొహామా రేవు విదేశీ వ్యాపారానికి తెరుచుకున్నాక అక్కడికి చేరిన చైనీయుల వంట నుంచి రామెన్ పుట్టింది. 1910లో టోక్యోలోని అసకుసా ప్రాంతంలో ప్రారంభమైన రైరైకెన్ అనే హోటల్ దాన్ని సామాన్యుడి తిండిగా మార్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడి, చైనా, మంచూరియా ప్రాంతాల నుంచి స్వదేశానికి తిరిగొచ్చిన జపనీయులు పొట్టకూటికోసం బండ్లు పెట్టుకుని నూడుల్స్, గ్యోజా అమ్మారు. అప్పట్లో బియ్యం కొరత. అమెరికా పంపిన గోధుమపిండి ఆ బండ్లను నడిపింది. మోమొఫుకు ఆండో 1958లో వేడినీళ్లు పోస్తే సిద్ధమయ్యే రామెన్‌ను మార్కెట్లోకి తెచ్చింది కూడా ఆ ఆకలి రోజుల జ్ఞాపకంతోనే.

బర్మాకు ఈ నూడుల్స్ ఉత్తరాన యునాన్ నుంచి కొండదారుల్లో దిగాయి. యునాన్ నుంచి వలస వచ్చిన చైనా ముస్లిములను బర్మాలో పంథేలు అంటారు. వారి పేరు మీదే పంథే ఖౌస్వే అనే వంటకం ఉంది. ఉత్తర థాయ్‌లాండ్‌లోని చియాంగ్‌మాయ్ నగరంలో దొరికే ఖావ్ సాయ్ కూడా ఇదే కుదురుకు చెందినది. రామెన్ పులుసుకు ఎముకలు, మిసో, సోయా ఆధారమైతే, ఇటువైపు కొబ్బరి, శనగపిండి ఆధారం. మరో పోలిక కూడా ఉంది. అక్కడ రామెన్ బండి పెట్టినవాడూ, ఇక్కడ బర్మా నూడుల్స్ బండి పెట్టినవాడూ అన్నీ పోగొట్టుకుని ఓడ దిగినవారే.

రంగం పోయినవారు

ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల పెద్దలకు రంగూన్ అంటే రంగమే. ‘రంగం పోయాడు’ అంటే ఊళ్లో పని దొరక్క సముద్రం దాటాడని అర్థం. 1852లో రంగూన్‌ను, 1885లో మాండలేను ఆంగ్లేయులు ఆక్రమించుకున్నాక ఐరావతి డెల్టాలో వరిసాగు విపరీతంగా పెరిగింది. కోతలకు, బియ్యం మిల్లులకు, రేవులో బస్తాలు మోయడానికి మనుషులు కావలసి వచ్చారు. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల నుంచి స్టీమర్లు కూలీలను చేరవేసేవి. మేస్త్రీలు ముందుగా బాకీ ఇచ్చి, ఆ బాకీ తీరేదాకా పని చేయించుకునేవారు.

బర్మాలో తెలుగువారిని కొరంగీలు అనేవారు. గోదావరి ముఖద్వారం వద్ద, నేటి కాకినాడ జిల్లాలో ఉన్న కోరంగి ఒకప్పుడు పెద్ద ఓడరేవు. 1839 నాటి పెను తుపాను దాన్ని దెబ్బతీసింది. రేవు పోయినా పేరు మాత్రం సముద్రానికి అవతల మిగిలింది. ఈనాడు కోరంగి అంటే మడ అడవులే గుర్తొస్తాయి.

1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. రేవు కూలీల్లో తెలుగువారిది పెద్ద సంఖ్య. అందువల్ల దెబ్బ కూడా మొదట వారికే తగిలింది. 1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు సమ్మె చేస్తే యాజమాన్యాలు బర్మీయులను పనిలోకి తీసుకున్నాయి. సమ్మె ముగిసి పాతవారిని తిరిగి పిలిచి, కొత్తవారిని వెళ్లిపొమ్మనడంతో కొట్లాట మొదలై, అల్లర్లుగా మారి వంద మందికి పైగా బలయ్యారు. పొట్ట చేతపట్టుకుని వెళ్లిన ఇద్దరు పేదల మధ్య తగవు అది. 1937 ఏప్రిల్ 1న బర్మాను భారతదేశం నుంచి పరిపాలనాపరంగా వేరుచేశారు. నిన్నటిదాకా ఒకే రాజ్యంలో ఉన్నవారు ఒక్కరోజులో పరాయివారయ్యారు.

ఇక 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు కురిపించాయి. ఓడలు దొరికినవారు ఓడల్లో, దొరకనివారు అడవిదారుల్లో బయలుదేరారు. సుమారు 5 లక్షల మంది భారతీయులు బర్మా వదిలినట్టు చరిత్రకారుల అంచనా. మణిపూర్, అస్సాం వైపు నడిచినవారిలో వేలాది మంది ఆకలితో, మలేరియాతో, కలరాతో దారిలోనే చనిపోయారు. ఇల్లు చేరామనుకున్నవారికి ఇక్కడా ఊరట లేదు. 1942 ఏప్రిల్ 6న అవే జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడ మీద బాంబులు వేశాయి.

యుద్ధం ముగిశాక కొందరు మళ్లీ బర్మా వెళ్లారు. అక్కడే పుట్టి పెరిగిన పిల్లలకు తెలిసిన ఊరు అదే కదా. 1962 మార్చి 2న జనరల్ నే విన్ సైనిక ప్రభుత్వం వచ్చింది. 1964లో దుకాణాలను జాతీయం చేసింది. అదే ఏడాది మే నెలలో 50, 100 చాట్‌ల నోట్లను రద్దు చేసింది. కూడబెట్టుకున్న డబ్బు కాగితమైంది. తర్వాత కొన్నేళ్లలో సుమారు 3 లక్షల మంది భారతీయులు దేశం విడిచారు. వెంట తెచ్చుకునే నగదు, నగల మీద కఠిన ఆంక్షలు ఉండేవి. ఓడలు మద్రాసుకు, విశాఖపట్నానికి చేరాయి. రేవు, నౌకానిర్మాణ కేంద్రం, 1957లో మొదలైన చమురుశుద్ధి కర్మాగారంతో అప్పుడప్పుడే పెరుగుతున్న విశాఖ పని దొరుకుతుందన్న ఆశ చూపింది. కాందిశీకులకు ఆశ్రయమిచ్చిన చోటు బర్మా క్యాంపు అయింది. క్యాంపు అన్న మాట తాత్కాలికానికి గుర్తు. ఆ పేరు మాత్రం శాశ్వతంగా ఉండిపోయింది. ఇప్పుడక్కడ ఉన్నది డేరాలు కాదు, నగరం నడుమ జనసమ్మర్దం గల పేట.

ఒక సంగతి గమనించదగ్గది. మ్యాగీ పొట్లం మన వంటింట్లోకి అడుగు పెట్టింది 1980ల్లో. అంతకు దాదాపు ఇరవై ఏళ్ల ముందే విశాఖలో కొన్ని తెలుగు ఇళ్లలో నూడుల్స్ పండగ వంట.

దొరికినవాటితో సర్దుబాటు

పరాయి గడ్డ మీది వంట ఇక్కడ నిలదొక్కుకోవడానికి తీరాంధ్ర తోడ్పడింది. కొబ్బరికి కొదవ లేదు. అరటి తోటలు, చేపలు, ఎండు రొయ్యలు చేతికందే దూరంలో ఉన్నాయి. శనగపిండి లేని తెలుగు వంటిల్లు లేదు. అసలు బర్మా వంటలో శనగపిండి, సమోసా, పలాటా అని వారు పిలిచే పరోటా వంటివన్నీ భారతీయుల సావాసంతో చేరినవే. తెలుగువారు అక్కడ కొన్ని ఇచ్చి, కొన్ని పుచ్చుకున్నారు. మొహింగాలో శనగపప్పు వడ తేలుతోందంటే అందులో మన వాటా కూడా ఉందనుకోవచ్చు.

కష్టం వచ్చింది మరికొన్నింటితో. బర్మా వంటకు ప్రాణం లాంటి ఙపీ, అంటే పులియబెట్టిన చేప లేదా రొయ్య ముద్ద, ఇక్కడి సామాన్య దుకాణాల్లో కనిపించదు. చేప సాస్, ఊరబెట్టిన టీ ఆకు కూడా అంతే. ఙపీ వాసన అలవాటు లేనివారికి భరించరానిది. ఎండుచేపల వాసనకు అలవాటుపడిన మన తీరవాసులకు అదేమంత వింత కాకపోవచ్చు గానీ, పక్కింటివారి సంగతి కూడా చూసుకోవాలి. కొబ్బరిపాల ఖౌస్వేకు ఈ చిక్కు లేదు. చేప సాస్ బదులు ఉప్పు వేసినా రుచి చెడదు. మొహింగా కన్నా ఖౌస్వే ఎక్కువమందికి చేరడానికి ఇదే కారణమై ఉండాలి. వలసపోయిన వంటల్లో చివరికి మిగిలేది అన్నిటికన్నా రుచికరమైనది కాదు, సరుకు సులువుగా దొరికేది.

నూడుల్స్ తర్వాత తీపి

బర్మా మిఠాయిల పేర్లు తెలియకపోయినా తిన్న వెంటనే తెలుగువారికి చుట్టరికం తెలుస్తుంది. ‘సన్విన్ మకిన్’ అనేది రవ్వ, కొబ్బరిపాలు, పంచదార కలిపి దగ్గరకు ఉడికించి, గసగసాలు చల్లి కాల్చే బిళ్ల. రవ్వకేసరికి దగ్గరి బంధువు. ‘ష్వే యిన్ ఏ’ అంటే గుండెను చల్లబరిచేది అని అర్థం. చల్లటి తీపి కొబ్బరిపాలలో సగ్గుబియ్యం, అగర్ జెల్లీ ముక్కలు, జిగురు బియ్యపు అన్నం, చివరికి ఒక బ్రెడ్ ముక్క వేసి ఇస్తారు. ఎండాకాలం మధ్యాహ్నానికి ఇంతకు మించినది లేదు.

ఏప్రిల్ నడుమ వచ్చే కొత్త సంవత్సరపు నీళ్ల పండగ తింజాన్. ఆ పండగకు ‘మోన్ లోన్ యే బో’ చేస్తారు. జిగురు బియ్యప్పిండి ఉండలో తాటిబెల్లం ముక్క దాచి, మరిగే నీళ్లలో వేస్తే ఉడికి పైకి తేలుతుంది. మీద కొబ్బరి తురుము చల్లుతారు. వినాయకచవితి ఉండ్రాళ్లకు ఇది సముద్రం అవతలి తోబుట్టువు. ఒక తుంటరి ఆచారం కూడా ఉంది. కొన్ని ఉండల్లో బెల్లానికి బదులు పచ్చిమిర్చి దాస్తారు. ఎవరి నోట పడుతుందో చూసి నవ్వుకోవడం పండగలో భాగం.

బర్మాలోని పథేయిన్ పట్టణం హలవాకు ప్రసిద్ధి. జిగురు బియ్యప్పిండి, కొబ్బరి, వెన్నతో గంటల తరబడి కలియబెట్టి చేస్తారు. పేరు భారతదేశం నుంచి వెళ్లిందే. విశాఖ చుట్టుపక్కల హల్వా అంటే మాడుగుల. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన తర్వాత మాడుగుల అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది గానీ, విశాఖవాసి బంధువులకు పట్టుకెళ్లే పొట్లం మారలేదు. గోధుమలను నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, ఆ పాలను పులియనిచ్చి, కట్టెల పొయ్యి మీద పాకంలో పోసి నెయ్యితో కలియబెడతారు. చేయి ఆపితే అడుగంటుతుంది. చల్లారాక జీడిపప్పుతో, ముదురు గోధుమరంగులో, సాగుతూ ఉంటుంది. హల్వా పొయ్యి దగ్గర నిలబడటం పిల్లల పని కాదు.

అనకాపల్లి బెల్లం మార్కెట్ దేశంలోని పెద్దవాటిలో ఒకటి. భీమునిపట్నం వైపు వెళితే తాటి తాండ్ర దొరుకుతుంది. పండిన తాటిపండు గుజ్జును చాప మీద పొరలు పొరలుగా ఎండబెట్టి చేసే ఈ తాండ్రలో తీపి వెనుక చిరుచేదు ఉంటుంది. మామిడి తాండ్రకు అలవాటైనవారు మొదట ముఖం చిట్లిస్తారు. ఆర్కే బీచ్‌లో మూరీ మిక్చర్ సంగతి చెప్పనక్కర్లేదు. మరమరాలను మూరీలనడం ఉత్తరాంధ్ర, ఒడిశా వాడుక. ఉల్లి, టమాటా, వేరుశనగ, నిమ్మరసం పడిన ఆ పొట్లం సాయంత్రపు గాలితో పాటు అయిపోతుంది.

ఎవరు రాసిపెట్టాలి

ఈ తిండ్లలో కొన్నింటికి గుర్తింపు ఉంది. తిరుపతి లడ్డూకు 2009లో, బందరు లడ్డూకు 2017లో, అరకు కాఫీకి 2019లో, ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఈ గుర్తింపు ఒక వస్తువు నాణ్యతను అది పుట్టిన చోటుతో ముడిపెడుతుంది. బర్మా క్యాంపు నూడుల్స్‌కు ఆ దారి మూసుకుపోయినట్టే. పుట్టింది పరదేశంలో, పెరిగింది ఇక్కడ. చట్టం దృష్టిలో దానికి సొంత ఊరు లేదు. తెచ్చినవారి పరిస్థితీ ఒకప్పుడు అదే. బర్మాలో వారు కొరంగీలు, ఇక్కడికొచ్చాక బర్మావాళ్లు.

1964లో పదేళ్ల వయసులో ఓడ దిగిన పిల్లకు ఇప్పుడు డెబ్బై దాటాయి. రంగూన్ వీధిలో తెల్లవారుజామున మొహింగా కావిడి మోసుకొచ్చేవాడి కేక విన్న చెవులు ఆ తరానివే. వారి తర్వాత కొలతలు తెలిసినవారు ఉండవచ్చు, ఎందుకు అలా చేయాలో చెప్పేవారు తగ్గుతారు. కొడుకులు, మనవలు చదువుకుని ఉద్యోగాల్లో చేరుతున్నారు. పొయ్యి దగ్గర గంటలు నిలబడాలని వారిని కోరడం న్యాయం కాదు. కానీ పెద్దలు చెబుతుంటే ఒక నోటుపుస్తకంలో రాసుకోవడానికి, ఫోనులో రికార్డు చేసుకోవడానికి పెద్ద ఖర్చు లేదు. విశాఖ గురించి పర్యాటకులకు చెప్పేటప్పుడు కైలాసగిరి, జలాంతర్గామి మ్యూజియం, అరకు రైలు వరుసగా వస్తాయి. రేవు చరిత్రలో ఇంత పెద్ద భాగమైన బర్మా వలసకు ఆ వరుసలో ఒక్క వాక్యం చేరిస్తే తప్పేమీ లేదు. ఒక గిన్నె రుచి చూపించి చెబితే మరీ సులువుగా అర్థమవుతుంది.

ఇంట్లో చేసుకోవాలంటే

నలుగురికి అరకిలో కోడిమాంసం, ఒక పెద్ద కొబ్బరికాయ, నాలుగు పెద్ద చెంచాల శనగపిండి, 400 గ్రాముల గోధుమ నూడుల్స్ సరిపోతాయి. కొబ్బరి తురిమి మొదటి చిక్కటి పాలు విడిగా, వేడినీళ్లు పోసి రెండోసారి తీసిన పలచటి పాలు విడిగా ఉంచుకోవాలి. శనగపిండిని నూనె లేకుండా కమ్మటి వాసన వచ్చేదాకా వేయించాలి. ఇది మరిచిపోతే పులుసులో పచ్చివాసన మిగులుతుంది.

మూడు పెద్ద ఉల్లిపాయలు, ఆరేడు వెల్లుల్లి రెబ్బలు, అంగుళం అల్లం ముద్దగా నూరి, పసుపు, కారంతో నూనె తేలేదాకా వేయించాలి. మాంసం వేసి కలిపి, పలచటి కొబ్బరిపాలు పోసి మెత్తబడనివ్వాలి. శనగపిండిని చన్నీళ్లలో జారుగా కలిపి పోసి, అడుగంటకుండా పావుగంట ఉడికించాలి. మంట తగ్గించి చిక్కటి పాలు చివరలో కలపాలి. ఆ తర్వాత గట్టిగా మరగనిస్తే పాలు విరిగినట్టవుతాయి. శాకాహారులు మాంసం స్థానంలో పుట్టగొడుగులో, బంగాళాదుంపో వేసుకోవచ్చు, పులుసు పద్ధతి మారదు.

నూడుల్స్‌ను కొంచెం పలుకుగా ఉన్నప్పుడే వార్చి, చన్నీళ్లతో కడిగి, చెంచాడు నూనె రాయాలి. గుప్పెడు పచ్చి నూడుల్స్‌ను నూనెలో కరకరలాడేలా వేయించి పక్కన పెట్టుకుంటే పైన చల్లుకోవడానికి పనికొస్తాయి. వేయించిన ఉల్లిపాయ, గుడ్లు, కొత్తిమీర, నిమ్మచెక్కలు, వేయించి దంచిన ఎండుమిర్చి పళ్లెంలో సిద్ధంగా ఉండాలి. పులుసు పోసిన గిన్నెను ఊరికే ఉంచితే నూడుల్స్ రసం పీల్చుకుని ముద్దవుతాయి. అందుకే ఇంటిల్లిపాదీ వచ్చి కూర్చున్నాకే పులుసు పోయాలి.